వేలికీ చెవికీ మధ్య

కౌండిన్య నది పలమనేరు కొండల మీంచి దిగి తమిళనాడులో అడుగుపెట్టే చోట మోర్ధానా ఆనకట్ట ఉంది. అక్కణ్ణుంచి దిగువకు వస్తే గుడియాత్తం. ఇటు వేలూరు జిల్లా, అటు చిత్తూరు జిల్లా. తెలుగు, తమిళం రెండూ కలిసి వినబడే నేల. గంగమ్మ రెండు వైపులా కొలువై ఉంది. తమిళుల వైకాసి మాసం మొదటి రోజున, అంటే మే నెల నడుమ, గుడియాత్తంలో గంగమ్మ శిరసును ఊరేగిస్తారు. పంబలు, డోళ్ళు, తప్పెట్లతో వీధులన్నీ హోరెత్తిపోతాయి.

ఆ ఊరేగింపులో వాద్యగాళ్ళు ఎంత దగ్గరగా నడుస్తారో గమనించండి. భుజానికి భుజం రాసుకుంటూ ఒకే గుంపుగా కదులుతారు. జనం తోసినా విడిపోరు. దీనికి భక్తి ఒక కారణం కావచ్చు గానీ, గాలి కూడా ఒక కారణమే. మే నెల ఎండకి 40 డిగ్రీలు దాటిన గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 355 మీటర్లు పోతుంది. సెకనులో వెయ్యో వంతు మిల్లీసెకను. ఒక్క మిల్లీసెకనులో శబ్దం నడిచే దూరం జానెడున్నర. ముందున్న పంబకి 35 మీటర్ల వెనక ఇంకో మేళం ఉందనుకోండి. ముందు పడ్డ దెబ్బ వాళ్ళకి 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినబడుతుంది. విన్నదానికి సరిపోయేలా వాళ్ళు కొడితే, ఆ దెబ్బ తిరిగి ముందుకొచ్చేసరికి ఇంకో 100 గడిచిపోతుంది. నిమిషానికి 120 దరువులు పడే వేగంలో దరువుకీ దరువుకీ మధ్య ఉండేది 500 మిల్లీసెకన్లే. అందులో 200 పోయాక మేళం నిలబడదు. ఈ లెక్కను వాద్యగాళ్ళు కాగితం మీద వెయ్యకపోయినా కాళ్ళతో పాటిస్తారు, ఒకరినొకరు వదలరు.

కంప్యూటర్‌లో సంగీతం చేసేవాళ్ళు లేటెన్సీ అని పిలిచేది ఇదే ఆలస్యం. కీబోర్డ్ మీద వేలు పడ్డ క్షణానికీ చెవిలో స్వరం మోగిన క్షణానికీ మధ్య గడిచే కాలమన్న మాట. దాన్ని సున్నా చెయ్యాలని చాలామంది తంటాలు పడతారు. సున్నా ఎక్కడా ఉండదు. కచేరీలో నాదస్వరానికి డోలు రెండు మీటర్ల దూరంలో ఉంటే వాళ్ళిద్దరి మధ్య 6 మిల్లీసెకన్ల ఆలస్యం ఎప్పుడూ ఉంటుంది, దాని గురించి ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఎంత ఆలస్యమవుతోంది అన్నది సగం ప్రశ్నే. ప్రతిసారీ అంతే ఆలస్యమవుతోందా అన్నది మిగతా సగం. నా మటుకు ఈ రెండో సగమే పెద్దది. ఈ అధ్యాయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు తీగ దగ్గర మొదలుపెడదాం. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ సంగీత వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డ్‌లను ఒక తీగతో కలిపారు. ఒకటి సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ళ ప్రాఫెట్-600, రెండోది రోలాండ్ వాళ్ళ జూపిటర్-6. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. ఆ తీగలో నడిచే భాష పేరు మిడీ, ఆ ఏడే దాని ప్రమాణం అచ్చయింది. దాని వెనకున్న డేవ్ స్మిత్‌కీ ఇకుతారో కకెహాషీకీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

మిడీ తీగలో పారేది శబ్దం కాదు, ఆదేశం. "ఫలానా ఛానల్‌లో 60వ స్వరం, ఇంత బలంతో, మొదలుపెట్టు" అన్న మూడు ముక్కల మాట. ఒక్కో ముక్కకీ ఎనిమిది బిట్లు, ముందొకటి వెనకొకటి కలిపి పది. తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు. అంటే ఒక ముక్కకి 320 మైక్రోసెకన్లు, మొత్తం ఆదేశానికి 960. ఒక్క స్వరం చేరడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఆ తీగలో ఆదేశాలు ఒకదాని వెనకొకటి వరసలో వెళ్ళాల్సిందే. పది వేళ్ళతో ఒక్కసారిగా పది మెట్లు నొక్కితే పదో స్వరం బయల్దేరేది తొమ్మిదీ వెళ్ళాకే. ఛానల్ మారనప్పుడు మొదటి ముక్కను మళ్ళీ చెప్పకుండా పంపే ఏర్పాటు ఒకటుంది, దానివల్ల పది స్వరాలు 6.7 మిల్లీసెకన్లలో సర్దుకుంటాయి. అది లేకపోతే 9.6.

ఈ తీగ మన పాటల్లోకి మద్రాసులోనే వచ్చింది. తెలుగు పాటల రికార్డింగులు ఎక్కువగా అక్కడే జరిగే రోజులవి. వయొలిన్లు, తబలా, వేణువు, గాయకులు ఒకే హాలులో కూర్చుని, ఒకరి చేతిని ఒకరు చూసుకుంటూ, కండక్టర్ సైగ మీద పాట మొత్తం ఒకే ఊపులో వాయించేవారు. 1986లో ఇళయరాజా స్వరపరిచిన పున్నగై మన్నన్ పాటల్లో సీక్వెన్సర్ పనిచేసింది. ఆ సినిమా తెలుగులో డాన్స్ మాస్టర్‌గా వచ్చింది. అప్పటికి దిలీప్ అన్న పేరుతో కీబోర్డ్ వాయిస్తున్న ఏఆర్ రెహమాన్ ఆ పనిలో ఉన్నాడు. టీవీ రాజు కొడుకు రాజ్, సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటి జంటగా తెలుగు పాటను ఏలుతున్న కాలంలో వాళ్ళ దగ్గరా అతను కీబోర్డ్ వాయించాడు. 1989లో కోడంబాకంలో ఇంటిని ఆనుకుని సొంత స్టూడియో పెట్టుకున్నాడు. 1992లో అతని సంగీతంతో రోజా వచ్చింది. ఆ పదేళ్ళలోనే మన పాటకి లయ కట్టే పని కండక్టర్ చేతిలోంచి గడియారం చేతిలోకి మారిపోయింది.

ఆనాటి పరికరాల గురించి ఒక మాట చెప్పాలి. సీక్వెన్సర్ పెట్టెలకి ఒకే పని, వేళకి ఆదేశం పంపడం. 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌కి మిడీ కంతలు పుట్టుకతోనే ఉన్నాయి. సంగీతం ప్రోగ్రాం నడిచేటప్పుడు అది ఇంకో పని పెట్టుకునేది కాదు, అందుకే దాని లయ గట్టిగా ఉండేదని పేరు తెచ్చుకుంది. ఇవాళ్టి ల్యాప్‌టాప్ దానికన్నా వేల రెట్లు వేగంగా లెక్కలు చేస్తుంది. కానీ అదే సమయంలో వైఫై చూసుకోవాలి, తెర గీయాలి, వైరస్ వెతకాలి. వేగం ఉన్నంత మాత్రాన వేళ తప్పకుండా ఉండటం రాదు.

మన సంగీతానికి వచ్చేసరికి ఆ పాత తీగ ఇరుకు ఇంకా బాగా తెలిసొస్తుంది. మిడీ రూపకల్పనలో మెట్లున్న కీబోర్డ్‌ని మనసులో పెట్టుకున్నారు. మనకి స్వరం మెట్టు మీద నిలబడదు. కాంభోజిలో గాంధారం అందుకోవాలన్నా తోడిలో దాన్ని ఊపాలన్నా పిచ్ బెండ్ చక్రం తిప్పాల్సిందే. ఆ చక్రం కదిలినంతసేపూ ఆదేశాలు ధారగా వస్తూనే ఉంటాయి. సెకనుకు 200 వస్తున్నాయనుకోండి. ఒక్కోదానికి 960 మైక్రోసెకన్ల చొప్పున, ప్రతి సెకనులోనూ 192 మిల్లీసెకన్లపాటు తీగ ఆ ఒక్క గమకానికే పోతుంది. వీణ, వేణువు, వయొలిన్, సన్నాయి నాలుగింటికీ గమకాలు రాసి ఒకే తీగలో పంపితే మూడొంతులకు పైగా తీగ నిండిపోతుంది. అప్పుడు మృదంగం దెబ్బకి దారి దొరకదు. కొన్ని దెబ్బలు వేళకే పడతాయి, కొన్ని గమకం వెనక నిలబడి వస్తాయి. వింటున్నవాడికి గమకంలో లోపం కనబడదు, మృదంగం తాగి వాయిస్తున్నట్టు ఉంటుంది. తప్పు మృదంగం ట్రాక్‌లో వెతికితే దొరకదు.

దీనికి మందు తెలిసినదే. తాళవాద్యాలకి విడిగా ఒక పోర్ట్, ఒక తీగ ఇవ్వాలి. గమకాల ధారలో చెవికి తేడా తెలియని చుక్కలను తీసేసి పలచబరచాలి, దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ సదుపాయం ఉంటుంది. వాద్యం కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్ రూపంలో ఉంటే ఈ పాత తీగే దారిలో ఉండదు, ఆ ఇరుకూ ఉండదు. అయితే అక్కడ ఇంకో కథ మొదలవుతుంది.

కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో శాంపిల్‌గా బయటికి వదలదు. శాంపిల్ అంటే శబ్దాన్ని కొలిచిన ఒక్కో అంకె, అవి సెకనుకు 44,100 ఉంటాయి. ప్రతిదానికీ పరుగెత్తితే ఇంకే పనీ జరగదు. వీధి కుళాయి దగ్గర బిందె నిండాకే ఎత్తుకెళ్ళినట్టు, కొన్ని శాంపిళ్ళు పోగయ్యాక ఒక్కసారి పంపుతుంది. ఆ పోగు పేరు బఫర్. 1024 శాంపిళ్ళ బఫర్ పెడితే 23.2 మిల్లీసెకన్లు. 256కి 5.8, 128కి 2.9, 64కి 1.5. చిన్నది పెడితే ఆలస్యం తగ్గుతుంది, కానీ ప్రాసెసర్ వేళకి అందించలేక టపటపలు, చిటపటలు వినబడతాయి. పెద్దది పెడితే శబ్దం శుభ్రంగా వస్తుంది, చేయి వెనకబడుతుంది. అందుకే వాయించి రికార్డు చేసేటప్పుడు 64 లేదా 128 పెట్టి, అన్నీ అయ్యాక మిక్సింగ్‌లో 512కో 1024కో పెంచుకుంటారు. విండోస్ మీద పనిచేసేవాళ్ళు స్టైన్‌బర్గ్ 1997లో తెచ్చిన ఆసియో డ్రైవర్ వాడితే, మధ్యలో విండోస్ తన సొంత మిక్సర్‌తో కలిపే ఆలస్యం తప్పుతుంది. ఆపిల్ కంప్యూటర్లలో కోర్ ఆడియో ఆ పని చూసుకుంటుంది.

మిడీ కీబోర్డ్ వాయించేటప్పుడు శబ్దం బయటికి వెళ్ళే బఫర్ ఒక్కటే దాటాలి. గాయకుడి గొంతు అలా కాదు. మైకులోంచి లోపలికి ఒక బఫర్, హెడ్‌ఫోన్‌లోకి ఇంకో బఫర్, రెండూ దాటాలి. కీబోర్డ్ వాద్యగాడికి హాయిగా ఉన్న అమరికలోనే గాయని "నా గొంతు నాకే వెనకనుంచి వస్తోంది" అంటే ఆమె మాట నిజం. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ మీట ఉంటే ఆమె గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళి తిరిగిరాకుండానే చెవికి చేరుతుంది. ఇంకో చోరుడు మిక్స్‌లో దాక్కుంటాడు. రాబోయే శబ్దాన్ని ముందే చూసి పనిచేసే లిమిటర్లు, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్లు తమకి కావలసిన సమయం తీసుకుంటాయి. మిగతా ట్రాకులన్నీ వాటికోసం ఆగేలా సాఫ్ట్‌వేర్ సర్దుతుంది కాబట్టి వినేటప్పుడు అంతా సరిగ్గానే ఉంటుంది. కొత్తగా వాయించి కలపబోతే మాత్రం చేయి బరువెక్కుతుంది. బఫర్ 64లో ఉన్నా బరువుగా ఉందంటే మాస్టర్ ట్రాక్ మీద ఏముందో చూడాలి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ప్రతి స్వరం కచ్చితంగా 12 మిల్లీసెకన్లు ఆలస్యమైతే వేళ్ళు కొద్దిసేపట్లోనే దానికి అలవాటుపడి, అంత ముందుగా కదలడం నేర్చుకుంటాయి. పెద్ద చర్చిల్లో ఆర్గన్ వాయించేవాళ్ళు ఇంతకన్నా ఎక్కువ ఆలస్యంతో జీవితమంతా వాయిస్తారు. కానీ ఒక స్వరం 3, తరవాతిది 18, ఆ తరవాతిది 7 మిల్లీసెకన్లు ఆలస్యమైతే నేర్చుకోవడానికి ఏముంది? ఈ నిలకడలేనితనానికి జిట్టర్ అని పేరు. స్థిరమైన ఆలస్యాన్ని రికార్డింగ్ అయ్యాక కూడా తీసెయ్యొచ్చు, ట్రాక్ మొత్తాన్ని 12 మిల్లీసెకన్లు ముందుకు లాగితే సరిపోతుంది. జిట్టర్‌ని తీసెయ్యలేం. ఏ స్వరం ఎంత జారిందో ఎక్కడా రాసి ఉండదు.

జిట్టర్ ఎలా పుడుతుందో చూడండి. స్వరం వచ్చిన కచ్చితమైన వేళను గుర్తుపెట్టుకోకుండా, "తరవాతి బఫర్ మొదట్లో మోగిద్దాం" అనుకునే ప్రోగ్రాం ఉందనుకుందాం. బఫర్ 1024 అయితే, బఫర్ మొదలయ్యే ముందు క్షణంలో పడ్డ స్వరం వెంటనే మోగుతుంది, అప్పుడే మొదలయ్యాక పడ్డది 23 మిల్లీసెకన్లు ఆగుతుంది. నిమిషానికి 100 దరువుల వేగంలో ఖండ గతి వాయిస్తే దరువు 600 మిల్లీసెకన్లు, అందులో అయిదో వంతు 120. ఆ 120లో 23 అటూఇటూ ఊగితే తకతకిట అన్న అయిదు అక్షరాల్లో ఏది దగ్గర, ఏది దూరం అన్న పోలికే చెడిపోతుంది. మంచి ప్రోగ్రాం ప్రతి స్వరానికీ వేళ ముద్ర వేసి, బఫర్ లోపల సరిగ్గా ఆ శాంపిల్ దగ్గరే దాన్ని కూర్చోబెడుతుంది. అప్పుడు ఆలస్యం ఉంటుంది, ఊగిసలాట ఉండదు. 2020లో ఆమోదం పొందిన మిడీ 2.0లో జిట్టర్ తగ్గించడానికి ఇలాంటి వేళ ముద్రలనే చేర్చారు, వాటి కొలత సెకనులో 31,250వ వంతు. పాత తీగ వేగం అంకె ఇక్కడ మళ్ళీ కనబడుతుంది.

తాళం లెక్కల్లో ఒక చిన్న చిక్కు ఉంది, అది చెప్పుకుంటే సరదాగా ఉంటుంది. సీక్వెన్సర్ దరువుని టిక్కులుగా కోస్తుంది. దరువుకి 480 టిక్కులన్నది బాగా వాడుకలో ఉన్న లెక్క. 480ని మూడుతో, నాలుగుతో, అయిదుతో భాగిస్తే శేషం లేదు. తిశ్రం, చతురశ్రం, ఖండం నిక్షేపంగా కూర్చుంటాయి. ఏడుతో భాగిస్తే 68.57. మిశ్ర గతి ఎప్పటికీ సమంగా కుదరదు. తొమ్మిదితో 53.33, సంకీర్ణానిదీ అదే గతి. అయితే దీనికి భయపడక్కర్లేదు. 120 వేగంలో ఒక టిక్కు 1.04 మిల్లీసెకన్లు, దగ్గరి టిక్కుకి సర్దినా తప్పు అరమిల్లీసెకనుకి మించదు, ఏ చెవికీ అందదు. దరువుకి 96 టిక్కులే ఉన్న పాత లెక్కలో మాత్రం ఖండం కూడా కుదిరేది కాదు, అక్కడ ఒక టిక్కు 5 మిల్లీసెకన్లకు పైగానే.

మీ గదిలో ఆలస్యం ఎంతో కొలవడానికి ఒక మైకు చాలు. కీబోర్డ్ మెట్టుకి దగ్గరగా మైకు పెట్టండి, హెడ్‌ఫోన్ ఒక కప్పుని ఆ మైకు పక్కనే ఆనించండి. హెడ్‌ఫోన్‌ని రికార్డు చేస్తున్న కంప్యూటర్‌కే తగిలించి, డప్పులాంటి ఠక్కున మోగే శబ్దం ఎంచుకుని, మెట్టుని గట్టిగా కొట్టండి. రికార్డు చేసిన తరంగాన్ని పెద్దది చేసి చూస్తే రెండు గుట్టలు కనబడతాయి. మొదటిది ప్లాస్టిక్ మెట్టు చేసిన ఠక్కు, రెండోది డప్పు. వాటి మధ్య 620 శాంపిళ్ళుంటే 620ని 44,100తో భాగించండి, 14 మిల్లీసెకన్లు. కీబోర్డ్, యూఎస్‌బీ, సాఫ్ట్‌వేర్, బఫర్, హెడ్‌ఫోన్ అన్నీ కలిసిన అసలు ఆలస్యం అది. సాఫ్ట్‌వేర్ తెరమీద చూపించే అంకె తరచుగా దీనికన్నా చిన్నదిగా ఉంటుంది, ఎందుకంటే దానికి తెలిసిన భాగమే అది లెక్కపెడుతుంది. అదే దెబ్బని ఇరవై సార్లు కొట్టి అన్నీ కొలవండి. 13.9, 14.1, 14.0 అని వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. 11, 19, 14 అని వస్తే బఫర్ తగ్గించడం కన్నా ముందు జిట్టర్ సంగతి చూడాలి. యూఎస్‌బీ హబ్ తీసి నేరుగా తగిలించి చూడండి, డ్రైవర్ మార్చి చూడండి, వైఫై ఆపి చూడండి, ఒక్కోసారి ఒక్కటే మార్చండి. కొట్టడం కూడా ఒకే బలంతో కొట్టాలి. మెట్టు కింద సాధారణంగా రెండు స్పర్శబిందువులు ఉంటాయి. మొదటిది తగిలాక రెండోది తగిలే లోపు గడిచిన కాలాన్ని బట్టి దెబ్బ బలం తెలుసుకుని, ఆ తరవాతే కీబోర్డ్ ఆదేశం పంపుతుంది. మెల్లగా నొక్కితే ఆ విరామమే పెరుగుతుంది. మీ వేలు చేసే తేడాని యంత్రం మీద వెయ్యకూడదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో ఈ పరీక్ష చేస్తే 100 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా రావడం మామూలే. దానితో పాట వినండి, వాయించకండి.

ఆలస్యంగా రికార్డయిన ట్రాక్‌ని చాలామంది క్వాంటైజ్ బటన్ నొక్కి ప్రతి స్వరాన్నీ గీత మీదకి లాగేస్తారు. ఇది నాకు బాధ కలిగించే అలవాటు. పంబ వాయించే చేతిలో కొన్ని దెబ్బలు గీతకి కొంచెం ముందు, కొన్ని కొంచెం వెనక పడతాయి, ఆ పాటకి ఊపు అందులోనే ఉంది. ఆలస్యం యంత్రానిది, ఊపు మనిషిది. మొదట యంత్రం ఆలస్యాన్ని కొలిచి, ట్రాక్ మొత్తాన్ని అంతే ముందుకి జరపండి. అప్పటికీ గీతకి అటూఇటూ ఉన్న దెబ్బలు వాయించినవాడివి. వాటిని ముట్టుకోవాలా వద్దా అన్నది విని తేల్చుకోవాల్సిన విషయం.

గది దాటి ఊళ్ళు దాటితే ఈ లెక్క ఎలా మారుతుంది? ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. గుడియాత్తం నుంచి చెన్నైకి ఫైబర్ 200 కిలోమీటర్లనుకున్నా ఒక్క మిల్లీసెకను. దారిలో వచ్చే రౌటర్లు, రెండు చివర్లా ఉన్న బఫర్లే అసలు ఆలస్యం. అమెరికా పడమటి తీరానికి మాత్రం దూరమే అడ్డు. 14,000 కిలోమీటర్లకి ఒక వైపే 70 మిల్లీసెకన్లు, ఏ యంత్రమూ తగ్గించలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ ఛేఫ్ బృందం ఇద్దరిద్దరిని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, మధ్యలో ఆలస్యం మార్చుతూ చప్పట్లు కొట్టించింది. ఆలస్యం పది మిల్లీసెకన్ల లోపు ఉన్నప్పుడు జంటలు తెలియకుండానే వేగం పెంచాయి. పది నుంచి ఇరవై మధ్య నిలకడగా సాగాయి. అంతకు మించితే వేగం జారుతూ పోయింది. ఆలస్యం మరీ లేకపోయినా లయ పరుగెత్తుతుందన్నది నాకు చాలా నచ్చిన ఫలితం. మనుషులు ఒక గదిలో కూర్చుని వాయించేటప్పుడు గాలి వాళ్ళ మధ్య పెట్టే దూరానికి వాళ్ళ లయ అలవాటుపడి ఉంటుందేమోనని నా ఊహ.

2020లో కరోనా వచ్చాక సంగీతం పాఠాలు పెద్దఎత్తున ఇంటర్నెట్ మీదకి మారాయి. ఇక్కడ గురువు, అక్కడ కాలిఫోర్నియాలోనో టెక్సాస్‌లోనో శిష్యురాలు. గురువు తాళం వేస్తుంటే ఆమె పాడితే, ఆ తాళం ఆమెకి ఆలస్యంగా చేరుతుంది, ఆమె పాట గురువుకి మళ్ళీ అంత ఆలస్యంగా చేరుతుంది. ఇద్దరూ సరిగ్గా చేస్తున్నా గురువు చెవికి ఆమె తాళం తప్పినట్టే వినబడుతుంది. అందుకని తాళం వేసే పని శిష్యురాలికే అప్పగిస్తారు. ఆమె చప్పుడూ గొంతూ ఒకే మైకులోంచి బయల్దేరి, ఒకే దారిలో, ఒకే ఆలస్యంతో వస్తాయి. గురువు వాటిని పావు సెకను తరవాత విన్నా సమం ఎక్కడ పడిందో, ఎత్తుగడ ఎక్కడ జారిందో స్పష్టంగా పట్టుకోగలుగుతారు.